నల్ల ట్రే

నారు పెంచే గదికి రెండు తలుపులు. బయటి తలుపు పూర్తిగా మూసుకుంటే తప్ప లోపలిది తెరుచుకోదు. నడుమ ఒక్క మనిషి నిలబడేంత చోటు. రోజూ అక్కడ నిలబడినప్పుడు ఆమె ఊపిరి బిగబట్టేది. ఎందుకో తనకే తెలియదు.

తెగులును తొలి మచ్చలోనే పట్టుకునే కెమెరా మీద ఆమె పీహెచ్‌డీ పరిశోధన. టమాటా నారు ఫొటోలు వేలకొద్దీ తీసి, ఒక్కొక్కటీ 'తెగులు' అనో, 'బాగుంది' అనో తానే గుర్తు పెట్టి యంత్రానికి నేర్పింది. ఈమధ్య అది తప్పు చెప్పడం దాదాపు మానేసింది. ఆమె ఆ మాట చెప్పినప్పుడల్లా గైడ్ ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు చూసిన పూట ఆమెకు అన్నం సయించేది.

ఒక మధ్యాహ్నం అరమీద ఖాళీ నల్ల ట్రే ఒకటి ఉండిపోయింది. అందులో తడిమట్టి తప్ప ఏమీ లేదు. కెమెరా తెరమీద దాని చుట్టూ ఎర్ర గడి పడింది. తెగులు.

ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఒక మంచి మొక్కను నల్ల ట్రేలో పెట్టింది. తెగులు. ఆకులన్నీ మచ్చలు పడ్డ మొక్కను తెల్ల ట్రేలో పెట్టింది. పచ్చ గడి. బాగుంది.

ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. మచ్చ కనిపించిన మొక్కను, పక్కవాటికి అంటకుండా, వెంటనే తెల్ల ట్రేలోంచి నల్ల ట్రేలోకి మార్చాలి. మార్చాకే ఫొటో. అంటే యంత్రం ఆకును ఏనాడూ చూడలేదు. ట్రే రంగు చూసింది. తప్పు దానిది కాదు, మెప్పు ఎక్కడ తేలిగ్గా దొరికితే అక్కడికే పోయింది. ఈ పని తనకూ కొత్త కాదనిపించి ఆమె స్టూలు మీద కూలబడిపోయింది.

గైడ్ అంతా ఓపిగ్గా విన్నాడు. ఫొటోలు మళ్ళీ తీయాలంటే ఇంకో ఏడాది కావాలన్నాడు. గది వచ్చే నెలనుంచి మరొకరిదన్నాడు. థీసిస్ అయ్యాక ఈ లోపం మీదే మంచి పేపరు రాసుకోవచ్చని ఊరడించాడు కూడా.

"చెప్పొద్దనడం లేదమ్మా," అన్నాడు చివరికి. "ఇప్పుడొద్దంటున్నాను."

అక్కడితో అయితే ఆమె నోరు మూసుకునేదేమో. కానీ అలాంటి కెమెరానే ఒకటి, పరీక్షకని తానే తీసుకెళ్ళి, అక్క భర్త అయిన బావ నర్సరీలో బిగించింది. బావ దగ్గర నల్ల ట్రేలు వాడుకలో లేవు. నారంతా తెల్ల ట్రేల్లోనే.

మర్నాడు సాయంత్రం అక్కావాళ్ళింటికి వెళ్ళింది. అక్క గుమ్మంలోనే గొంతు తగ్గించి మాట్లాడింది. పోయిన పంటకాలంలో నారంతా కుళ్ళిపోయాక ఆయనకు కంటిమీద కునుకు లేదట. ఎప్పుడు చూసినా లేచి వెళ్ళి ఆకులు తిరగేస్తూ కూర్చునేవాడట. కెమెరా వచ్చాకే మనిషి మనిషయ్యాడట. "నీ పుణ్యమే," అంది అక్క, చెల్లెలి చెయ్యి పట్టుకుని.

నర్సరీలోని ప్లాస్టిక్ కప్పు పాలీహౌస్‌లో కెమెరా తెరంతా పచ్చగా ఉంది. రెండో వరసలో ఆమె ఒక మొక్క అడుగాకు తిప్పి చూసింది. గోధుమరంగు వలయాలు. పక్కదానికీ అవే. ఈ వారం వదిలేస్తే నారు మొత్తం పోతుంది.

"బావా, ఇది చూడు."

బావ వంగి చూశాడు. "ఎరువునీళ్ళు చిందాయి. తెగులైతే నీ యంత్రం ఊరుకుంటుందా, డాక్టరమ్మా?"

"దానికి ఆకులు కనపడవు బావా. ట్రే రంగు చూస్తుందంతే."

"ఏమిటీ, మరదలికి దిష్టి తగిలిందా? తను చేసినదాన్నే తిట్టుకుంటోంది."

మాటలతో పని కాదని, మూలన దుమ్ము పట్టిన పాత నల్ల ట్రే తెచ్చి, మచ్చల మొక్కను అందులో పెట్టింది. ఎర్ర గడి వెలిగింది.

బావ ముఖం పాలిపోయింది. "అమ్మో, పట్టింది. నిజంగానే ఉంది."

"అది కాదు. ఆగు." ఆమె నవనవలాడే మొక్కను ఏరి, ఒక్క మచ్చ కూడా లేదని అతనికి అన్ని ఆకులూ తిప్పి చూపించి, మచ్చల మొక్కను తీసేసి అదే ట్రేలో పెట్టింది. మళ్ళీ ఎర్ర గడి.

"చూశావా?" అంది.

"చూశాను," అన్నాడు బావ నెమ్మదిగా. "లోపల మొదలైందన్నమాట. మన కళ్ళకింకా ఆనలేదు." రెండు మొక్కల్నీ పెరికి సంచిలో వేశాడు. తర్వాత ఆమె వైపు చూసిన చూపులో కోపం లేదు, ఒక రకమైన బతిమాలడం ఉంది. "ఇంకేం చెప్పకు. నన్ను మళ్ళీ ఆ నిద్రలేని గోలలోకి తొయ్యకు."

ఆమె దగ్గర ఇంకొక రుజువు లేదు. చూపించే ప్రతి రుజువూ అతని నమ్మకానికి ఇంకో ఇటుకవుతోంది. బావ సంచి పారెయ్యడానికి బయటికి వెళ్ళాడు. ఆమె మూలనున్న మిగతా నల్ల ట్రేలు తెచ్చి కడిగింది. రెండో వరస మొదట్లో నిలబడి ఒక్కొక్క మొక్కా చూస్తూ, మచ్చలున్నవాటిని నల్ల ట్రేల్లోకి మార్చింది. బావ తిరిగొచ్చేసరికి తెరమీద ఎర్ర గడులు వరసగా వెలుగుతున్నాయి. అతను తెరవంకే చూసుకుంటూ ఆ మొక్కలన్నిటినీ తీసేసి, చుట్టుపక్కల మందు కొట్టాడు.

ఆ తర్వాత ఆమె ల్యాబ్ నుంచి రోజూ నేరుగా అక్కడికే వెళ్ళసాగింది. బావ టీ తాగి వచ్చేలోపల వరసలు చూసి, మొక్కలు మార్చేది. నారు నిలబడింది. బావ గైడ్‌కు స్వయంగా ఫోన్ చేసి పొగిడాడట. గైడ్ ఆ నర్సరీ ఫలితాలతో థీసిస్‌లో ఒక అధ్యాయం చేర్చమన్నాడు. ఆమె చేర్చింది. యంత్రం అక్కడ ఒక్క తెగులు మొక్కనూ వదల్లేదని తన చేత్తోనే రాసింది. రాసేటప్పుడు అందులో అబద్ధమెక్కడుందో వేలు పెట్టి చూపలేకపోయింది.

"నువ్వొచ్చిన రోజున దీనికి చూపు బాగా ఆనుతుంది," అన్నాడు బావ ఒక సాయంత్రం, తలుపులో నిలబడి. ఆ మాటలో వేళాకోళమెంతో, తెలిసి అన్నదెంతో ఆమెకు అంతుపట్టలేదు. "చదువైపోయినా వస్తూండమ్మా."

"అలాగే బావా," అంది, చేతిలో ఆకును తిరగేసి చూస్తూ. ఆ వరసలో చూడాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.