ఫిడేలు అత్త ఎటు చూడాలి

ఆ సంగీత మాసపత్రిక ఆఫీసులో పేజీలు తయారుచేసే అమ్మాయిని అందరూ కొలబద్ద అనేవాళ్లు. పేరు పెట్టింది ఎడిటరు గారే. ఆమె చేరిన మూడో రోజున ఆయన కాఫీ కప్పు బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగితే, ఆ పిల్ల దాన్ని రెండు వేళ్ల మందం లోపలికి జరిపి, "అంచుకి మరీ దగ్గరగా ఉంది సార్, చూడ్డానికి బాగాలేదు" అందట. ఆయన ముందు తెల్లబోయి, తర్వాత పడీపడీ నవ్వి, ఆ రోజు నుంచీ కొలబద్ద అని పిలవడం మొదలుపెట్టారు.

ఆ అమ్మాయికి కోపమేమీ రాలేదు. ఉన్నమాటే కదా. ఇంట్లో కూడా డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం పేర్చేది, గోడ మీద క్యాలెండరు వంకరగా ఉంటే అన్నం సహించేది కాదు. అలాంటి మనిషికి అలాంటి ఉద్యోగం దొరకడమంటే, పాలలో పంచదార పడ్డట్టే.

పత్రికకి కూడా ఓ కాపురం లాగా పద్ధతులుంటాయి మరి. పేరు అట్ట మీద పైనే ఉండాలి, దుకాణంలో పది పత్రికల వెనక నక్కినా నుదురు కనిపించేటట్టు. అట్ట మీద ఒక్క మనిషే, కళ్లు తిన్నగా చదివేవాళ్ల కళ్లలోకి. రంగులు మూడుకి మించకూడదు. పేజీ అంకె బయటి మూలన. వ్యాసంలో మొదటి అక్షరం మూడు వరుసల ఎత్తున, పెళ్లివారి ముందు నడిచే పెద్దమనిషిలా. ముఖ్యమైన వ్యాసానికి ఎడమ పేజీ నిండా ఫొటో, కుడి పేజీలో మాటలు. వీటన్నిటికంటే గట్టి రూలు ఇంకోటి ఉంది. ఫొటోలో మనిషి ముఖం మాటల వైపు తిరిగి ఉండాలి. పేజీ బయటికి చూడకూడదు. ఇంటికొచ్చిన చుట్టం మనతో మాట్లాడుతూ గుమ్మం వైపే చూస్తుంటే ఎలా ఉంటుంది? లేచి పోతాడేమో అనిపించదూ? ఇదీ అంతే. ఫొటోలో మనిషి బయటికి చూస్తే చదివేవాడి చూపూ ఆ దారినే పోతుంది.

ఎవరైనా అటు చూస్తుంటే ఏం చేస్తారంటే, కంప్యూటర్లో ఫొటోని ఎడమ కుడి చేసేస్తారు. ఒక్క మీట నొక్కితే చాలు, ముఖం ఇటు తిరుగుతుంది. కొలబద్ద రోజుకి పది ముఖాలు అలా తిప్పేది. ముక్కు తుడుచుకున్నంత తేలిక ఆ పని.

ఇక ఫిడేలు అత్త సంగతి. ఆవిడ కొలబద్దకి మేనత్త, తండ్రి చెల్లెలు. కొలబద్ద ఉండేది ఆవిడ దగ్గరే, మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో. ఊళ్లో పెద్ద ఆర్కెస్ట్రాలో ముప్పై ఒక్కేళ్లు ఫిడేలు వాయించి, మొన్ననే ఆఖరి కచేరీ చేసి వచ్చింది. ఆవిడది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు మాస్టారు చెయ్యి మార్చబోయాడు, తిట్టాడు, బుజ్జగించాడు, కమాను పుచ్చుకుని వేళ్ల మీద కొట్టాడు. మారితేగా! ఆఖరికి ఆయనే విసిగి తీగెలు తిరగేసి బిగించి, "నీ ఇష్టం తల్లీ, నా పరువు మాత్రం తియ్యకు" అన్నాడు. అందరూ ఫిడేలు ఎడమ భుజాన పెట్టుకుంటే అత్త కుడి భుజాన పెట్టుకునేది. అందరి కమానులూ ఒకవైపు సాగితే అత్త కమాను రెండోవైపు సాగేది. పక్కన కూర్చున్నవాళ్ల మోచేతికి ఈవిడ మోచెయ్యి తగిలేది. అందుకని ఎంత బాగా వాయించినా ఆఖరి వరసలో, చిట్టచివరి కుర్చీయే ఇచ్చారు. ముప్పై ఒక్కేళ్లూ అదే కుర్చీ. "ఏసీ గాలి నాకొక్కదానికే వచ్చేది, అదృష్టం" అనేది నవ్వుతూ.

ఆఖరి కచేరీ అయ్యాక ఎడిటరు గారు ఆవిడ మీద రెండు పేజీలు వేద్దామన్నారు. ఆయనే ఫోనులో మాట్లాడి వ్యాసం రాసుకున్నారు. అత్త పాటల గురించి చెప్పింది, పోయిన పెద్దవాళ్ల గురించి చెప్పింది, చేతి సంగతి చెప్పలేదు. ఆయనా అడగలేదు. కచేరీలో తీసిన ఫొటో ఒకటి దొరికింది. అత్త కళ్లు సగం మూసుకుని, గడ్డం ఫిడేలు మీద ఆనించి. ఎంత బాగుందో!

కొలబద్ద ఎడమ పేజీలో ఫొటో పెట్టింది. ముఖం బయటి అంచుకేసి ఉంది. చెయ్యి దానంతటదే మీట నొక్కింది. అత్త గిర్రున మాటల వైపు తిరిగింది. కొలబద్ద పేజీని ఓసారి దూరం నుంచి చూసుకుని, తల ఊపి, తర్వాతి పేజీకి వెళ్లిపోయింది. రోజూ ఎదురుగా కూర్చుని ఎడమచేత్తో అన్నం కలుపుకునే అత్త, చిన్నప్పుడు ఎడమచేత్తోనే తనకి జడ వేసిన అత్త! దీపం కిందే కదా చీకటి.

సెలవు రోజు మధ్యాహ్నం ప్రూఫు కాగితం ఇంటికి తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

"ఎలా ఉంది?"

"ఎంత పెద్దగా వేశావే! నా మొహం ఇంత ఉంటే చదివేవాళ్లు జడుసుకోరూ?" అంది అత్త. "బాగుందే. చాలా బాగుంది. నువ్వు వెళ్లి కాఫీ పెట్టు."

కొలబద్ద కాఫీ కలుపుకుని వచ్చేసరికి అత్త కుర్చీలో లేదు. పడగ్గదిలో అల్మారా తలుపుకున్న అద్దం ముందు నిలబడి ఉంది. ప్రూఫు కాగితాన్ని గుండెలకి ఆనించి, అద్దం వైపు తిప్పి పట్టుకుని, మెడ కొంచెం వాల్చి చూస్తోంది.

"ఏంటత్తా అది?"

"ఏం లేదే, నన్ను చూసుకుంటున్నా."

"కాగితంలో కనిపించట్లేదా?"

"అందులో ఉన్నావిడ ఎవరో కుడిచేత్తో వాయిస్తోంది. అద్దంలో అయితే నేనే" అంది అత్త, ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. "నా ఫొటో ఎప్పుడు పడినా ఇలాగే చూసుకుంటా. అలవాటైపోయింది."

కొలబద్ద కప్పులు కిటికీ గట్టు మీద పెట్టేసింది.

అత్త అల్మారాలోంచి బిస్కెట్ల డబ్బా తీసి పాత పత్రికల కత్తిరింపులు మూడు మంచం మీద పరిచింది. పాతికేళ్లదొకటి, పదేళ్లదొకటి, మధ్యదొకటి. మూడింట్లోనూ కమాను కుడిచేతిలో ఉంది. "మొదటాయన ఫిల్ము తిరగబడిందనుకుని సరిచేశాడట, పాపం. నాకు ఫోను చేసి మరీ చెప్పుకున్నాడు, మీ ఫొటో కాపాడానమ్మా అని. రెండోసారి ఎందుకో తెలీదు. మూడోసారి..."

"నాలుగోది నేను" అంది కొలబద్ద.

"నేననలేదే. నువ్వే అనుకుంటున్నావ్."

"నాకు తెలిసి కూడా అత్తా! నేను..."

"ఊరుకోవే. నీ చేతికీ ఓ వాటం పడిపోయింది, అంతేగా. మా మాస్టారు నా చెయ్యి మార్చగలిగాడా?" అత్త కాగితాలు ఒక్కొక్కటే మడిచి డబ్బాలో పెట్టింది. మూత వేస్తూ, తల ఎత్తకుండా అంది. "ఇక కచేరీలు లేవు కాబట్టి ఫొటోలూ ఉండవు. ఒక్కసారి నేను నాలాగా అచ్చులో పడితే చూడాలనుండేది. సర్లే, కాఫీ చల్లారిపోతోంది."

కాఫీ చల్లారే పోయింది. ఇద్దరూ అలాగే తాగారు.

మర్నాడు సాయంత్రానికి పేజీలన్నీ ప్రెస్సుకి వెళ్లాలి. కొలబద్ద పొద్దున్నే వెళ్లి ఫొటోని ఉన్నదున్నట్టు తిప్పేసింది. ఎడమ పేజీలో అత్త బయటి అంచుకేసి చూస్తూ కూర్చుంది. ఎడిటరు గారు వచ్చి చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమ్మాయ్, ఆవిడ గోడ వైపు తిరిగి అలిగినట్టుందే! మొన్న బాగానే ఉందిగా?"

కొలబద్ద జరిగింది చెప్పింది. ఆయన అంతా విని, "అలాగా!" అన్నారు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "అయినా కమాను ఏ చేతిలో ఉందో ఎవరు చూస్తారమ్మా? పేజీలోంచి పాట వినపడదుగా" అన్నారు.

"మా అత్త చూస్తుంది సార్."

"మరి ముఖం బయటికి పోతోందే?"

"ఫొటో కుడి పేజీకి మారుద్దాం, మాటలు ఎడమకి. అప్పుడు ఆవిడ మాటల వైపే చూస్తుంది, చేతులు కూడా ఎక్కడివక్కడే ఉంటాయి."

"కుడికా! ఇరవై రెండేళ్లుగా ముఖ్య వ్యాసం ఫొటో ఎడమనే వేస్తున్నాం. నాకు ముందున్న పెద్దాయన పెట్టిన పద్ధతి. కళ్లు మూసుకుని తెరిచినా ఇది మన పత్రికే అని తెలియాలి."

ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు. మామూలు రోజైతే కొలబద్ద తలూపి వెళ్లిపోయేది, ఆమె కూడా ఆ కుందేలు పార్టీయే కాబట్టి. ఆ రోజు కదల్లేదు.

"సార్, మూడింట్లో ఏదో ఒకటి పోవాలి. ఫొటో ఎడమన ఉండాలన్నది ఒకటి. ముఖం మాటల వైపు ఉండాలన్నది ఒకటి. మనిషి ఎలా ఉంటే అలా ఉండటం ఒకటి. ఏది తీసెయ్యమంటారో చెప్పండి, తీసేస్తా. మూడోది తీసెయ్యమంటే మాత్రం మీరే వచ్చి ఆ మీట నొక్కండి. నా చేత్తో ఇంకోసారి నొక్కను."

పక్క బల్ల దగ్గర ప్రూఫులు దిద్దే పెద్దావిడ దగ్గబోయి ఆపుకుంది. ఎడిటరు గారు రెండు పేజీలూ చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరకి వెళ్లారు. వెలుతురుకి పట్టి ఎడమది కుడిన, కుడిది ఎడమన పెట్టి చూశారు. చెయ్యి చాచి దూరంగా పెట్టి చూశారు. వీధిలో ఓ బస్సు వచ్చి ఆగి, దిగేవాళ్లు దిగి, మళ్లీ కదిలేదాకా చూశారు.

"బాగానే ఉంది" అన్నారు చివరికి, పన్ను పీకించుకున్న వాడిలా. "ఇదే మొదలు, ఇదే ఆఖరు. కానీ కింద చిన్న అక్షరాల్లో ఎడమచేతి వాటం కళాకారిణి అని వెయ్యి. లేకపోతే తప్పు మనదనుకుంటారు."

కొలబద్ద అత్తకి ఫోను చేసి అడిగింది. అవతలి నుంచి అత్త గొంతు ఎడిటరు గారికి కూడా వినపడింది. "మిగతావాళ్ల ఫొటోల కింద కుడిచేతి వాటం అని వేస్తున్నారా మీ ఎడిటరు గారు?"

ఆయన గడ్డం గోక్కున్నారు. "వెయ్యొద్దులే" అన్నారు.

పత్రిక వచ్చింది. అత్త కుర్చీలో కూర్చుని, పేజీ తెరిచి, ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. కొలబద్ద వంటింట్లో గిన్నెలు కడిగినవే మళ్లీ కడుగుతూ, ఆవిడ ఏమంటుందా అని ఓ చెవి ఇటే పెట్టింది. చివరికి భోజనాల వేళకి అత్త, "నా మెడ అంత పొట్టిదటే?" అని అడిగింది.

పది రోజులకి ఉత్తరాలు రావడం మొదలైంది. ఒకటి కాదు రెండు కాదు, తొమ్మిది! తొమ్మిదింటిదీ ఒకటే గోల. 'మీ పత్రికలో ఫొటో తిరగబడి పడింది, ఇంత పేరున్న పత్రికకి ఇంత అజాగ్రత్తా' అని. ఒకాయనైతే ఫిడేలు బొమ్మ గీసి, భుజాలకి బాణం గుర్తులు పెట్టి పంపాడు. ఎడిటరు గారు వాటిని కొలబద్ద బల్ల మీద పడేసి, "ఇదుగో, నీ మూడోది" అన్నారు. అన్నారే గానీ ఆయన మీసాల కింద నవ్వు దాగలేదు.

కొలబద్ద బిక్కుబిక్కుమంటూ ఉత్తరాలు ఇంటికి తీసుకెళ్లింది. అత్త ఒక్కొక్కటే చదివింది. చదివిన కొద్దీ ఒళ్లంతా కదిలేలా నవ్వింది, కళ్లనీళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది.

"చూశావుటే! ఇన్నేళ్లు తప్పు వేస్తే ఒక్కడూ ఉత్తరం ముక్క రాయలేదు. ఒక్కసారి సరిగ్గా వేస్తే తొమ్మిదిమంది!"

"పత్రికలో ఒక్క జవాబు వేస్తే సరిపోతుంది అత్తా, అందరూ చదువుతారు."

"వద్దు. నాకోసం తొమ్మిదిమంది కూర్చుని రాస్తే, నేను ఒక్క జవాబా? కాగితాలు ఇలా తే. ఆ సిరా పెన్ను కూడా."

కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని మొదలుపెట్టింది. 'అయ్యా, అచ్చులో తప్పు లేదు. నా చేతులే అలా పుట్టాయి. ఇన్నాళ్లూ వెనక వరసలో కూర్చోబట్టి మీకు కనిపించలేదు గానీ...' ఎడమచెయ్యి రాస్తూ రాస్తూ, తడి ఆరని అక్షరాల మీదుగానే జరిగిపోయేది. నాలుగో ఉత్తరానికి అరచేతి పక్కంతా నీలం. కాగితం మీద మరకలు చూసి కొలబద్ద అద్దుడు కాగితం తేబోతే అత్త వద్దని చెయ్యి ఊపింది.

"ఉండనీ. ఏ చేత్తో రాశానో వాళ్లకి తెలియొద్దూ? ఈ ఐదో ఆయన వీధి పేరేంటో చదివి పెట్టు, రాత మరీ కోడిగీతలు."