కదలని ముల్లు

కారు వెనక సీట్లో మా అమ్మాయి తల నా ఒళ్ళో ఉంది. ఎనిమిదో నెల. పొద్దున్నే ఉమ్మనీరు పోయింది. "బిడ్డ అడ్డం తిరిగింది, ఇక్కడ నావల్ల కాదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదం," అంది మా ఊళ్ళో డాక్టరమ్మ. డెబ్బై కిలోమీటర్లు. దాదాపు అంతా అడవి దారి. ఫోన్ అందదు, పెట్రోలు బంకు లేదు.

ఊరి చివర బంకు దగ్గర మా ఆయన బండి ఆపలేదు.

"పెట్రోలు ముల్లు సగం పైనే ఉంది చూడు. నాలుగు రోజులుగా కదల్లేదు! అంతా మా తోడల్లుడి మందు మహిమ."

తోడల్లుడంటే మా చెల్లెలి భర్త. పెట్రోల్లో కలిపే మందు అమ్ముతాడు. ఒక సీసా పోస్తే లీటరుకి ఐదు కిలోమీటర్లు ఎక్కువ వస్తుందంటాడు. కిందటిసారి ట్యాంకు నింపినప్పుడు ఈయన పోశారు. డిక్కీలో ఇంకా ఆరు సీసాలున్నాయి.

నేను పిల్లల జ్వరాన్ని కూడా చేత్తో చూసి వదిలేసే మనిషిని కాను. ట్యాంకు నింపించినప్పుడల్లా, ఎన్ని కిలోమీటర్లు తిరిగామో చూపే ట్రిప్ మీటరు సున్నా చేసేది నేనే. ఈ బండి లీటరుకి పద్నాలుగు కిలోమీటర్లు ఇస్తుంది. ట్యాంకు ముప్పై ఐదు లీటర్లు. అంటే నాలుగు వందల తొంభై. ఇవాళ హడావిడిలో ఆ అంకె చూడలేదు. ఆ తప్పు నాదే.

అడవిలోకి వచ్చాక సీట్ల మధ్య నుంచి వంగి చూశాను. నాలుగు వందల యాభై ఐదు. ఆసుపత్రి ఇంకా యాభై ఉంది.

ఎత్తులెక్కుతున్నా, గుంటల్లో పడుతున్నా ముల్లు ఇసుమంతైనా ఊగడం లేదు, గోడ మీద బొమ్మలా ఉంది.

"ఏమండీ, ఏసీ ఆపండి. మెల్లగా పోనివ్వండి."

"మెల్లగానా? పిల్ల అలా ఉంటే?"

గొంతు తగ్గించి చెప్పాను. "ముల్లు ఇరుక్కుంది. ట్యాంకులో రెండున్నర లీటర్లుంటే గొప్ప."

"మొదలెట్టావా! డిగ్రీ చదివావని ప్రతిదానికీ పరీక్ష పెడతావేంటి? మందు పోశాం కదా, మైలేజీ పెరిగుంటుంది."

"పెరగకపోతే?"

ఆయన ఏసీ ఆపేశారు. మెడ వెనక చెమట కారడం నాకు కనిపిస్తోంది.

"అమ్మా, ఏంటా గుసగుసలు?"

"ఏం లేదమ్మా, మీ నాన్న డ్రైవింగు సంగతి నీకు తెలీదా?"

నవ్వబోయి నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగబడ్డాయి. ఇందాకటి నొప్పికీ దీనికీ మధ్య ఆరు నిమిషాలు. ఒక కన్ను వాచీ మీద, ఒక కన్ను ఆ అంకె మీద. నాలుగు వందల ఎనభై. ఎనభై ఆరు. ఈ అంకెలు ఆగిపోతే బాగుండుననిపించింది, ఆగితేనే చస్తామని తెలిసి కూడా.

నాలుగు వందల తొంభై రెండు దగ్గర బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ఇంకా పదమూడు కిలోమీటర్లు.

ఆయన పరుగున వెళ్ళి డిక్కీ తెరిచారు. సీసాలన్నీ ట్యాంకులో ఒంపేశారు. "ఇదీ నూనేగా! మండదా?" తాళం తిప్పారు. మళ్ళీ తిప్పారు. మోటారు ఏడ్చినట్టు గీపెట్టింది, ఇంజను అందుకోలేదు.

"నాన్నా, ఎందుకాపావ్?" అని అమ్మాయి అరిచింది.

నేను దిగి నడిరోడ్డు మీద నిలబడ్డాను. దారిలో పిట్ట కూడా లేదు. ఇంకో నొప్పి, ఇంకోటి. ఈసారి మధ్యలో నాలుగు నిమిషాలే. మూలమలుపులో పాల వ్యాను కనిపించేసరికి రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాను.

"చావాలనుందా తల్లీ?" అని బ్రేకు తొక్కిన డ్రైవరు, కారులోకి చూసి మారు మాట్లాడకుండా ముందు సీటు ఖాళీ చేశాడు. నేను అమ్మాయిని పొదివి పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన వెనక పాల క్యాన్ల మధ్యకి ఎక్కారు.

ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చుని ఆయన అడిగారు.

"మీటరు ఎంత దగ్గర ఆగింది?"

చెప్పాను. వేళ్ళు మడిచి లెక్కేసుకున్నారు. "లీటరుకి అదే పద్నాలుగు."

లోపల బిడ్డ సన్నగా ఏడ్చింది. మేమిద్దరం లేచి నిలబడ్డాం. నేను అమ్మాయి గొంతు కోసం చెవులు రిక్కించాను. తలుపు తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో, నేను లెక్కపెట్టలేదు.

నర్సు తల బయటపెట్టింది. "తల్లికి మెలకువ వచ్చింది. 'మా అమ్మ ఏదీ?' అంటోంది."

ఆయన పిడికిలి అప్పుడు విప్పారు. ఆ మందు సీసా మూత ఒకటి నేల మీద పడి బల్ల కిందికి దొర్లిపోయింది.