ఎడమ చక్రం

నేను ఒక మూడు చక్రాల బండినండి. ఆటో అనుకునేరు, కాదు. నాకు హారన్ లేదు, మీటర్ లేదు, ఇంతవరకూ ఎవరూ కిరాయి ఇచ్చిన పాపాన పోలేదు. నిలబడటం వచ్చి నడవటం రాని బుల్లి మనుషులు వెనకాల పట్టుకుని తోసుకుంటూ పోతారే, ఆ చెక్క బండిని. మీరూ నాలాంటిదాన్ని పట్టుకునే లేచుంటారు. గుర్తుండదు లెండి. నడక వచ్చాక బండిని గుర్తుపెట్టుకున్న మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు.

నేను పుట్టింది మండపేటలో, చిట్టబ్బాయి అనే వడ్రంగి కొట్లో. ఎవరిదో పెళ్ళి మంచానికి తెచ్చిన టేకులో మిగిలిన ముక్కలతో నా ఒళ్ళు చేశాడు. చక్రాలు తుమ్మ చెక్క. ముందొకటి, వెనక రెండు. అంతా అయ్యాక నన్ను నేల మీద పెట్టి ఒక్క తోపు తోశాడు. గీత గీసినట్టు పోయి ఎదురు గోడకి ముక్కు తగిలించుకున్నాను. "ఆయ్, తిన్నగా ఉంది" అనుకుని పసుపు రంగు పూశాడు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. నేను తిన్నగా పుట్టాను. తర్వాత దీని మీద పెద్ద గొడవే అయింది.

నన్ను చేయించింది టెంట్ హౌస్ భాస్కరమ్మ. ఊళ్ళో పెళ్ళయినా, దినమైనా షామియానాలూ కుర్చీలూ గుండిగలూ ఆవిడ గోదాంలోంచే వెళ్ళాలి. మొగుడు పోయాక ఇద్దరు కొడుకుల్నీ ఆ కుర్చీలు తిప్పే పెంచింది. గట్టి మనిషి. నలుగురిలో మాట పడకూడదు, అదొక్కటే ఆవిడ నోము. పెద్దకోడలు ఇందుమతికి కొడుకు పుట్టాడు, రుత్విక్. వాడి కోసం నేను ఆ ఇంటికొచ్చాను.

మనవైపు పద్ధతి మీకు తెలిసిందే. పిల్లలు బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. పళ్ళు రానోడి పేరు చెప్పి పళ్ళున్నోళ్ళంతా తినటం అన్నమాట. రుత్విక్ పదో నెలకే నన్ను నడిహాల్లో వదిలేసి, చేతులు బార్లా చాపి వాళ్ళ నాన్నమ్మ మీద పోయి పడ్డాడు. ఇంక చూడండి, బెల్లం పాకం, నువ్వులు, నెయ్యి. వీధి వీధంతా అరిసెలు పంచారు. నాకు కూడా బొట్టు పెట్టి "కలిసొచ్చిన బండే ఇది" అంది భాస్కరమ్మ. మర్నాటి నుంచీ వాడు ఒక్కచోట కూర్చోవట్లేదని తిట్టటం మొదలెట్టారు. నడువు నడువు అని ప్రాణం తీసి, నడిచాక కూర్చో కూర్చో అని ప్రాణం తీసేవాళ్ళు మనుషులొక్కరే అనుకుంటాను.

వాడి తర్వాత నేను మైథిలి చేతికొచ్చాను. చిన్నకోడలు నూకరత్నం కూతురు. వాడికన్నా నాలుగు నెలలు చిన్నది. రత్నం తండ్రి ఆ టెంట్ హౌస్‌లోనే కుర్చీలు మోసేవాడు. చిన్నకొడుకు గంగరాజు పంతం పట్టి ఆ పిల్లని చేసుకున్నాడు. భాస్కరమ్మ ఒప్పుకుంది గానీ మింగలేదు. రత్నం ఆ ఇంట్లో గ్లాసు కింద పెట్టినా చప్పుడు రాకుండా పెట్టేది. వంక దొరక్కూడదు అంతే.

మైథిలి మాటల పుట్టండీ. "బండి, ఆగు" అనేది నాతో. నేను ఆగేదాన్ని. ఎండబెట్టిన వడియం ఒకటి తను తిని ఒకటి నా నోట్లో పెట్టేది. నాకు నోరెక్కడుందో ఆ పిల్లకే తెలియాలి. కానీ ఏడాది దాటినా నన్ను వదిలేది కాదు. ఒక విషయం నాకు అప్పుడే తెలిసింది. రుత్విక్ తోస్తే నా మీద బరువు రెండు పక్కలా సమానంగా పడేది. ఈ పిల్ల తోస్తుంటే ఒళ్ళంతా ఎడమ పక్కకి ఒరిగేది. ఆ కాలి మునివేళ్ళే నేలకి ఆనేవి, మడమ ఆనేది కాదు. నా ఎడమ చక్రం కిర్రుమనేది. చెక్క భాషలో అంతకన్నా గట్టిగా ఎలా చెప్పాలండీ? వాళ్ళు చక్రానికి కొబ్బరినూనె రాశారు.

ఒకరోజు ఇందుమతి వాళ్ళమ్మ వచ్చింది. వసారాలో కూర్చుని కాఫీ ఊదుకుంటూ, "మా రుత్విక్ ఈపాటికి కుక్కల్ని తరిమేవాడమ్మా. మీ పిల్ల ఇంకా నేలనే నమ్ముకుందేంటి రత్నం?" అంది.

"కూలిపని చేసిన రక్తం కదా, నేల మీద మమకారం ఉంటుంది లెండి" అని ఇందుమతి నవ్వింది. నవ్వుతాలుకే అంది. ఇంట్లో దెబ్బలన్నీ నవ్వుతాలుకే తగుల్తాయి.

భాస్కరమ్మ ఆ నవ్వు ఆపలేదు. రత్నం మొహం ఎర్రగా అయిపోయింది. నోట్లోంచి ఊడిపడింది మాట.

"నిన్న సాయంత్రం నడిచిందండీ. పెరట్లో. నాలుగడుగులు."

నేను పెరట్లోనే ఉన్నానండీ నిన్న సాయంత్రం. ఎవరూ నడవలేదు.

భాస్కరమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "ఏమే, ఇంత మంచి కబురు కడుపులో దాచుకుంటావా? బియ్యం నానబొయ్యండి!"

రత్నం ఆ సాయంత్రం పిల్లని నా దగ్గర నిలబెట్టి, దూరంగా కూర్చుని చేతులు చాపింది. "రా తల్లీ, రా. ఒక్కటే ఒక్క అడుగు. అమ్మ అబద్ధాలకోరు కాకుండా చూడమ్మా." పిల్ల నన్ను పట్టుకుని నవ్వింది. "బండి, పద" అంది. బండితో రమ్మంటే ఎంత దూరమైనా వస్తుంది పాపం.

రెండ్రోజులకి, శుక్రవారం, హాల్లో తెల్లబట్ట పరిచి, అరిసెలు వరసగా పేర్చి, పేరంటాళ్ళని పిలిచారు. పిల్ల వాటి మీద నడవాలి. నన్ను మూల పెట్టారు, ఇంక నా అవసరం లేదుగా. రత్నం వెనకనుంచి గౌను మడత గుప్పిట్లో బిగించి పట్టుకుని నడిపించింది. కుడి కాలు అరిసె మీద నిండుగా పడింది. ఎడమ కాలు పడినచోట ఐదు వేళ్ళ గుర్తులే ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు ఫోన్లో తీశారు. ఆ అరిసెలు ఎవరూ చూడలేదు, తినేశారు.

రేపో ఎల్లుండో ఎలాగూ నడుస్తుంది, అప్పుడు అబద్ధం నిజమైపోతుంది అనుకుంది రత్నం. అంత చిన్న లెక్క. కానీ అబద్ధానికి పిల్లకన్నా ముందు కాళ్ళొచ్చాయి. భాస్కరమ్మ చెప్పగా చెప్పగా పద్నాలుగో నెల పదమూడయింది, చివరికి "పుట్టినరోజునాడే నడిచింది మా మనవరాలు" అయింది. పిల్లేమో రెండేళ్ళు దగ్గరపడుతుండగా నన్ను వదిలింది. అప్పుడు ఆ నడక చూసి ఇల్లంతా మురిసిపోయారు. ఒళ్ళు అటూ ఇటూ ఊపుతూ, బాతులా. "బాతూ, నడిచి చూపించవే" అని చుట్టాలొచ్చినప్పుడల్లా నడిపించేవారు. పిల్ల నవ్వుకుంటూ నడిచేది. నవ్వితే మళ్ళీ నడిచేది.

రత్నం ఒక్కతే నవ్వటం మానేసింది. పిల్లకి పరికిణీ కుట్టింది. అంచు ఒక పక్క నేల ఊడుస్తోంది. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ అదే పక్క. అప్పుడు పిల్లని పడుకోబెట్టి రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఎడమది కుడిదాని దాకా రాలేదు.

"ఏవండీ, డాక్టర్‌కి చూపిద్దాం" అంది గంగరాజుతో.

"చూపిద్దాంలే" అన్నాడు. పెళ్ళిళ్ళ సీజనప్పుడు ఆ మాటకి అర్థం చూపించం అని.

ఆ వానాకాలంలో పిల్లకి జ్వరమొస్తే రత్నమే, కాలు సంగతి కూడా అడగొచ్చని, గబగబా బయల్దేరింది. భాస్కరమ్మ కూడా ఆటో ఎక్కింది. నేను వెళ్ళలేదు. వచ్చాక వసారాలో భాస్కరమ్మ పక్కింటావిడకి చెప్తుంటే విన్నాను.

"మా రత్నానిది పిచ్చి భయం వదినా. నడక తేడాగా ఉందండీ అంది డాక్టర్‌తో. ఆయన ఎన్నో నెలలో నడిచిందమ్మా అని అడిగాడు. ఇది నోరు తెరిచి నా మొహం చూస్తది. నేనే చెప్పాను, ఏడాదికే నడిచింది, ఊరంతా అరిసెలు పంచామండీ అని. అయితే భయం లేదులేమ్మా అని ఏదో బలం మందు రాసిచ్చాడు."

అప్పుడు రత్నం పెరట్లో, నా పక్కన కూర్చునుంది. నా ఎడమ చక్రం వేలితో తిప్పుతోంది. అరిగి ఓ పక్క కోడిగుడ్డులా అయింది. తిప్పుతూనే ఉంది. "ఒక్క మాట. ఒక్క మాట రాలేదు నాకు" అంది. నాతోనే అనుకుంటాను, ఇంకెవరూ లేరు.

బళ్ళో వేశాక గానీ తేలలేదు. మూడేళ్ళ పిల్ల మెట్లెక్కలేకపోతోందని టీచర్ పిలిపించింది. కాకినాడ తీసుకెళ్ళారు. ఎక్స్‌రే తీస్తే తుంటి దగ్గర ఎముక దాని గిన్నెలో కూర్చోలేదట, పుట్టుకతోనే. గంగరాజు వచ్చి పెరట్లో వాళ్ళన్నయ్యతో చెప్తూ ఏడ్చాడు. "పసిగుడ్డుగా ఉన్నప్పుడో, పోనీ నడక లేటయినప్పుడో తెచ్చుంటే చాలావరకు పట్టీలతోనో కట్లతోనో సర్దుకునేదంట. ఇప్పుడు ఆపరేషనే. చేసినా కొంచెం తేడా ఉండిపోవచ్చంట. నడక ఎప్పుడొచ్చిందో ఎవరూ అడగలేదా అని డాక్టర్ అన్నాడన్నయ్యా. అడిగారండీ అంది మీ మరదలు. అంతే అంది. దాని మొహం చూళ్ళేకపోయాను."

పిల్లకి నడుం నుంచి మడమ దాకా సిమెంటు కట్టు వేసి తెచ్చారు. ఊరంతా పరామర్శ. పుట్టుకతోనే ఉందంటే ముందెందుకు చూసుకోలేదంటారు. భాస్కరమ్మ చుట్టూ చూసింది. నేను కనపడ్డాను.

"ఈ దిక్కుమాలిన బండండీ! చక్రం వంకర. దీన్ని తోసీ తోసీ పిల్ల కాలు వంకరపోయింది."

నన్ను అందరి ముందూ తోసి చూపించింది. ఎడమ పక్కకి లాక్కుపోయాను. ఏం చేస్తాను, అరిగిపోయానుగా. అందరూ "అవునవును" అన్నారు. చిట్టబ్బాయిని పిలిపించి తిట్టింది. అతను నన్ను తిరగేసి చూశాడు. ఏమనుకున్నాడో నాకు తెలీదు. టెంట్ హౌస్ బల్లల రిపేర్లన్నీ అతనికే వస్తాయి మరి.

"ఆయ్, మా పొరపాటేనండి అమ్మగారు" అన్నాడు. ఆ చక్రం ఊడదీసి కొత్తది వేసి వెళ్ళాడు. జరిగినదానికి మిగిలిన సాక్ష్యం ఆ చక్రమొక్కటే. సాయంత్రం నీళ్ళపొయ్యిలో పడింది. తుమ్మ చెక్క, బాగా మండింది.

కట్టు విప్పాక పిల్ల మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది. మళ్ళీ నేనే. "బండి, నువ్వు పెద్దవ్వలేదేంటి?" అంది నన్ను చూసి. చాలాకాలం తోసింది. ఒక మధ్యాహ్నం పెరట్లో నన్ను వదిలేసి, బట్టలారేస్తున్న తల్లి దగ్గరికి నడిచింది. మడమ ఆనించి, ఒరుగుతూనే గానీ, ఎవరూ గౌను పట్టుకోకుండా. నా లెక్కలో ఇవీ మొదటి అడుగులు. నిజమైనవి. రత్నం తడిబట్టలు వదిలేసి పిల్లని వాటేసుకుంది. తర్వాత వంటింట్లోకి పరిగెత్తింది.

"అత్తయ్యా, అరిసెలు చేద్దామా?"

"అడుగులకి అరిసెలు ఒకసారే చేస్తారే" అంది భాస్కరమ్మ, కూర తరుగుతూ. "మళ్ళీ చేస్తే ఆ మొదటివి ఎందుకు చేశారని అడగరూ?"

అంటే ఆవిడకి తెలుసన్నమాట. ఎప్పటినుంచి తెలుసో మాత్రం నాకు తెలీదు. రత్నం పెరట్లోకొచ్చి వదిలేసిన తడిబట్టలు తీసి ఆరేసింది.

మొన్న ఎదురింటి సునంద వచ్చింది. కూతుర్ని చంకనేసుకుని. "వదినా, దీనికి పదిహేడో నెల. అడుగు పడట్లేదు. మా అత్త నన్ను నంజుకు తింటోంది. చక్రం మార్పించారంట కదా, మీ బండి ఓసారి ఇస్తారా? కలిసొచ్చిన బండంట, మీ మైథిలి ఏడాదికే నడిచిందంటగా?"

వసారాలో భాస్కరమ్మ "తీసుకెళ్ళమ్మా" అనబోయింది. రత్నం అడ్డమొచ్చింది.

"నడవలేదు సునందా. అబద్ధం చెప్పాను. ఆ అరిసెలు అబద్ధం. దీని నడక రెండేళ్ళకి వచ్చింది. నేను నోరిప్పుంటే దీనికి కోత తప్పేదేమో. ముందు డాక్టర్‌కి చూపించు. నీ అత్తని తీసుకెళ్ళకు. బండి తర్వాత ఇస్తాను."

"నోర్ముయ్యవే!" అంది భాస్కరమ్మ.

సునంద పిల్ల కాళ్ళని పైటతో కప్పేసింది, దిష్టి తగుల్తుందన్నట్టు. "ఇవ్వటం ఇష్టం లేకపోతే లేదనొచ్చుగా వదినా. నీ కూతురికి అయిందని నా పిల్లకీ అవ్వాలా?" అని విసురుగా వెళ్ళిపోయింది. గేటు కొట్టుకున్న చప్పుడు నాకింకా వినపడుతోంది. డాక్టర్ దగ్గరికి వెళ్ళిందో లేదో తెలీదు. ఎదురింటి తలుపు మా వైపు తెరవట్లేదు. భాస్కరమ్మ రత్నంతో మాట్లాడటం మానేసింది. రత్నం మాత్రం ఇప్పుడు గ్లాసు చప్పుడయ్యేలాగే కింద పెడుతోంది.

నన్నెవరూ పట్టుకెళ్ళలేదు. గోదాంలో విరిగిన కుర్చీల పక్కన ఉంటాను. సాయంత్రాలు మైథిలి వచ్చి, బొమ్మని నా మీద కూర్చోబెట్టి పెరట్లోకి తోసుకెళ్తుంది. "తిన్నగా పో బండీ" అంటుంది.

కొత్త చక్రం కదండీ. నేను తిన్నగానే పోతున్నాను.