ఐదు పేర్ల క్రీము

ట్యూనిస్ దగ్గరి నాబుల్ ఊళ్ళో నారింజపూల నుంచి, గులాబీల నుంచి పన్నీరు తీసి అమ్మే మన్నూబియాకు అక్క కూతురు సిరీన్ ముఖం చూడగానే సంతోషం కలిగింది. సెప్టెంబరులో ఆ పిల్ల పెళ్ళి. మొటిమల మచ్చలు మాయమై బుగ్గలు అద్దంలా మెరుస్తున్నాయి. అయితే వారం తిరక్కుండానే ఇంత మార్పు వచ్చిందని విన్నాక ఆమె మనసులో ఏదో గుచ్చుకుంది. పూలతో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. పూలకు అంత తొందర ఉండదని ఆమెకు తెలుసు.

"ఏం రాస్తున్నావే?"

"నజీహా అక్క పార్లర్లో కొన్న క్రీము, పిన్నీ. చూడు, అన్నీ మనింట్లో ఉండేవే."

డబ్బా మీద ఐదే పేర్లు: పన్నీరు, ఆలివ్ నూనె, తేనెమైనం, కలబంద, తేనె.

"ఫార్మసీ లసాద్ ఇచ్చినదాని మీద ముప్పై ఉన్నాయి. ఒక్కటీ నోరు తిరగదు. ఏ విషమో ఏమో!" అంది సిరీన్.

మన్నూబియా రెండు డబ్బాలూ లసాద్ దగ్గరికి పట్టుకెళ్ళి, చివర్లో ఉన్న ఆ నోరు తిరగని పేర్లు ఎందుకని అడిగింది.

"బూజు పట్టకుండా," అన్నాడు లసాద్. "నీళ్ళున్న క్రీముకు అవి తప్పవు."

"మరి దీంట్లో మొదటి పేరే పన్నీరు, అదీ నీళ్ళేగా. జూన్‌లో కొందట. ఇది ఆగస్టు. పైన చిన్న మరక కూడా లేదేం?"

లసాద్ డబ్బా వాసన చూసి, మూతపెట్టి తిరిగిచ్చాడు.

ఆమె ఇంటికొచ్చి ఆ ఐదింటితోనే క్రీము కలిపి, నజీహా డబ్బా పక్కనే కిటికీలో పెట్టింది. ఎనిమిదో రోజుకు ఆమె కలిపినదాని మీద ఆకుపచ్చ బూజు లేచింది. నజీహాది చెక్కుచెదరలేదు.

అది చూపిస్తే సిరీన్ మండిపడింది. "నీ పన్నీరు రాసుకోవడం మానేశాననేగా ఈ కడుపుమంట?"

ఆ మాట మన్నూబియాకు గట్టిగానే తగిలింది. నిజంగా అదేనా అని ఆ పూటంతా తనను తాను అనుమానించుకుంది. మర్నాడు రెండు డబ్బాలూ తీసుకుని పార్లర్‌కు వెళ్ళింది.

"చేతులు కడుక్కుని కలపాల్సింది అక్కా," అంది నజీహా. జుట్టుకు రంగేయించుకుంటున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"సరే, నువ్వే నా కళ్ళముందు కలుపు. సరుకు నేను తెస్తా."

నజీహా చేతిలో దువ్వెన ఆగిపోయింది. "నేను కలపను. శుక్రవారం సంతలో ఒకడు తెచ్చిస్తాడు."

"ఎవడు? ఏ ఊరివాడు?"

"అడగలేదు."

"మొహాలకు పూసేదాన్ని అడక్కుండానే కొన్నావా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఈ సంగతి విన్నాక సిరీన్ మారు మాట్లాడకుండా పిన్ని వెంట ఫార్మసీకి వచ్చింది. లసాద్ ఆమె బుగ్గను వెలుతురులోకి తిప్పి చూశాడు. చర్మం కింద సన్నని ఎర్రటి గీతలు.

"రెండ్రోజులు మానేస్తే మండుతోందా?"

సిరీన్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మంట సంగతి ఆమె కన్నతల్లికి కూడా చెప్పలేదు.

"పైన రాయకుండా బూజుమందు కలిపినవాళ్ళు స్టెరాయిడ్ కూడా కలిపారేమో. అది రాస్తే మెరుపు, మానితే మంట. క్రీమును పరీక్ష చేస్తేగానీ తేలదు," అంటూ లసాద్ ట్యూనిస్‌లోని చర్మవైద్యురాలి పేరు రాసిచ్చాడు.

పరీక్షలో అదే తేలింది. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా మానేసినా సిరీన్ ముఖం ఎర్రబడి ఉబ్బింది. పిల్లకున్న రోగాన్ని దాచారంటూ పెళ్ళికొడుకు తల్లి వచ్చి నిలదీసింది. మన్నూబియా పరీక్ష కాగితం ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ రెండుసార్లు చదివి, "చలికాలంలో చేద్దాం," అని లేచింది. అన్నట్టే జనవరిలో పెళ్ళి జరిగింది. అప్పటికి సిరీన్ బుగ్గల మీద ఎరుపు చాలావరకు తగ్గింది, పాత మచ్చలు మాత్రం తిరిగొచ్చాయి. ఆమె వాటిని కప్పుకోలేదు.

సంతలో ఆ మనిషి మళ్ళీ కనబడలేదు. పెళ్ళయిన వారానికి నజీహా వచ్చి మన్నూబియా తలుపు తట్టింది. మెడకు చుట్టుకున్న రుమాలు తీసింది. లోపల చర్మం కమిలిపోయి ఉంది.

"నేనూ రాసుకున్నానక్కా."

"తెలిసే అమ్మావా?"

"తెలిస్తే నేనెందుకు రాసుకుంటాను?"

నమ్మాలో వద్దో మన్నూబియాకు తోచలేదు. ఆ మెడను మరోసారి చూసింది. చివరికి చెప్పులు తొడుక్కుని, "పద, ట్యూనిస్ బండి పదింటికి," అంది.