మా చట్టాలు మేమే

వాణిజ్య ఒప్పందంలో ఒక్క వాక్యం మిగిలింది. "మా చట్టాలు మేమే చేసుకుంటాం" అని రాయాలి, అంతే. అవతలి దేశం వాళ్ళు "మీకెలా కావాలంటే అలా రాసుకోండి" అని పక్క గదిలో కాఫీ తాగుతున్నారు. పొద్దుటి నుంచీ మేమింకా రాస్తూనే ఉన్నాం.

బృందానికి పెద్దని నేనే, నా ఖర్మ. పాల దిగుమతి మీద సుంకం పెంచుకునే హక్కు అందులో ఉండాలని వ్యవసాయశాఖాయన పట్టు. ఉంటే వాళ్ళు మన బట్టల మీద సుంకం పెంచుతారని పరిశ్రమలశాఖావిడ గోల. ఒకరు రాస్తే ఇంకొకరు కొట్టేస్తున్నారు.

"ఆయన రాసిందానికి ఛస్తే ఒప్పుకోను" అందావిడ.

"ఆవిడ కామా పెట్టినా నాకొద్దు" అన్నాడాయన.

నా తల బొప్పి కట్టింది. "మహానుభావులారా, ఎవరు రాస్తే ఒప్పుకుంటారో అదైనా చెప్పి చావండి!" అని అరిచాను.

ఇద్దరూ ఆలోచించారు. తర్వాత, పొద్దుటి నుంచీ మొదటిసారిగా, ఇద్దరూ ఒకే వైపు చూశారు. పక్క గది తలుపు వైపు.

అవతలివాళ్ళు చిటికెలో రాసిచ్చారు. మావాళ్ళు మారుమాట లేకుండా సంతకాలు పెట్టారు.

వాళ్ళ పెద్దమనిషి పెన్ను మూత పెట్టకుండానే, ఎంతో మర్యాదగా నన్నడిగాడు: "ఇంకేమైనా రాసిపెట్టమంటారా?"