పంటి కింద వల

ఆ చలికాలమంతా పల్లంరాజుకి ఒకటే కల. గౌతమి పాయ మీద పొగమంచు. తను పడవ కొసన నిలబడి వల విసిరాడు. వల విచ్చుకుంది గానీ నీళ్లలో పడలేదు. అలా తేలుతూ తేలుతూ ఊరి మీదకి పోయి, ఆరబెట్టిన చేపల మీదా, ఇళ్ల కప్పుల మీదా, అరుగు మీద నిద్రపోతున్న తమ్ముడు ఉదయ్‌కుమార్ మీదా మెత్తగా వాలింది. ఎంత లాగినా తిరిగి రాలేదు.

పల్లంరాజుకి హెచ్.ఐ.వి. ఉందని తెలిసి కొన్నేళ్లయింది. భార్య సత్యకుమారికి లేదు. మొదట్లో యానాం పోయి తాగొచ్చేవాడు. తర్వాత అది మానేశాడు. రోజూ అన్నం తిన్నాక మాత్ర మాత్రం తప్పలేదు. రక్తంలో వైరస్ పరీక్షకి అందనంత తగ్గిపోయిందని ఆసుపత్రిలో చెప్పారు. మనిషి తేరుకున్నాడు. కానీ కిందటేడు నుంచి వల ముట్టడం లేదు. తెడ్డు వేస్తాడు, విసరమంటే భుజం నొప్పి అంటాడు. విసరడం తమ్ముడి వంతయింది. మాటలు తగ్గాయి, తిండి తగ్గింది, ఒళ్లు మళ్లీ లాగేసింది.

ఈసారి మందులకి కాకినాడ వెళ్తే, ఆసుపత్రి కౌన్సిలర్ హేమశ్రీ బరువు చూసి మాత్రలు మానేశారా అని అడిగింది. లేదన్నాడు. నిద్ర పడుతోందా అంటే కల సంగతి చెప్పాడు. పక్కనే ఉన్న సత్యకుమారి ఆ కల వినడం అదే మొదటిసారి.

"వలంటే అంత భయమేంటండి?" అంది హేమశ్రీ.

తల దించుకుని మెల్లగా చెప్పాడు. విసురువల విసిరేటప్పుడు రెండు చేతులూ చాలవు, ఒక అంచు పంటితో పట్టుకోవాలి. కిందటేడు ఒకరోజు పంటి చిగురు చిట్లి ఆ అంచుకి నెత్తురంటింది. వల నీళ్లలో పడి లేచింది. వెంటనే తమ్ముడు అదే అంచు నోట పెట్టుకున్నాడు.

ఎంగిలి వల్ల ఇది రాదనీ, ఏట్లో నానిన వల నుంచి అంటుకోదనీ హేమశ్రీ విడమరిచి చెప్పింది. "మీరు వేసుకునే మాత్ర మీ ఒక్కరికే కాదండి, మీవాళ్లకి కూడా కాపలా కాస్తోంది," అంది.

అతను తలూపాడు. బస్సులో ఊరొచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. నమ్మినట్టు లేదు.

మర్నాడు పొద్దున్న సత్యకుమారే పడవ విప్పి అతన్ని ఎక్కించుకుంది. ఏరూ గట్టూ తెలియనంత మంచు. పడవ నీళ్ల మీద ఉందో మబ్బులో ఉందో అన్నట్టుంది. నడిమధ్యకి వచ్చాక ఆమె చీర కుచ్చెళ్లు దోపుకుని వల ఎత్తింది. వాళ్లలో ఆడవాళ్లు వల అల్లుతారు, చేపలు అమ్ముతారు. విసరరు.

"నువ్వు విసురుతావేంటే?"

"నువ్వు విసరవు. మీ తమ్ముడేమో తుని పెళ్లిలో బూరెలు తింటన్నాడు. మరి కూరెలా మావా?"

అంచు పంటితో పట్టి ఒక్క తిప్పు తిప్పింది. తీగ మీంచి జారిన తడిచీరలా వల ముద్దగా పడింది. పల్లంరాజు నవ్వాడు. ఆ నవ్వు మంచులోకి పోయి ఎక్కడో ఆగింది.

"అలా కొరికితే పళ్లూడిపోతాయి. పళ్ల మధ్య ఊరికే ఆనించుకోవాలి."

"చూపించు మరి."

తన ఎంగిలి తడి ఉన్న అంచు చాపింది. అతను దానికేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. పడవ తనంతట తనే ఓ చుట్టు తిరిగింది. చివరికి నోట పెట్టుకున్నాడు. వల గుండ్రంగా విచ్చుకుని, చిన్న వాన పడ్డట్టు చప్పుడు చేసి మునిగింది.

లాగి పైకి తీశాడో లేదో సత్యకుమారి అదే అంచు అందుకుంది. అతని చెయ్యి లాక్కోబోయి గాలిలోనే ఆగిపోయింది. ఆమె అతన్నే చూస్తూ అంచుని పళ్ల మధ్య పెట్టుకుంది.

ఏరు కదలడం లేదనిపించింది. అతని చెయ్యి మెల్లగా కిందికి దిగి, ఆమె మోచేతి దగ్గర నిలిచింది.

"ఇంకొంచెం పైకెత్తు," అన్నాడు.