తేటగా పలికే పెట్టె

మోల్డు తెరుచుకుంది. బకెట్ వేడివేడిగా బయటికొచ్చింది. ఆరోన్ దాన్ని ఎడమచేత్తో తిప్పుతూ, కుడిచేతి చాకుతో అంచుమీద మిగిలిన ప్లాస్టిక్ చెక్కి దొంతిలో పెట్టాడు. మళ్లీ మోల్డు వైపు తిరిగాడు. నాచారంలో ఈ రేకుల షెడ్డు కింద ఆయన చేసే పనంతా ఇంతే. పెళ్లికి ముందు ఇదే పని, కొడుకు పెళ్లయ్యాకా ఇదే పని. ఎవరింటి స్నానాలగదిలో ఎర్ర బకెట్ ఉన్నా దాని అంచు ఆరోన్ చెక్కిందే అయ్యుండొచ్చు. ఎవరికి పట్టింది?

చెక్కిన వాటిలో మందంగా ఉన్న ముక్క ఒకటి ఏరి జేబులో వేసుకున్నాడు. అలాంటి ముక్కల్నే మూడు మూలలుగా కోసి, గచ్చుకు రుద్ది, గిటార్ మీటడానికి వాడతాడు. దుకాణంలో కొన్న పిక్ ఆయన వేళ్లకు ఎన్నడూ కుదరలేదు.

"అన్నా, నెత్తురు!" పక్క మిషన్ మీది బిక్షపతి అరిచాడు.

ఆరోన్ చూసుకున్నాడు. ఎడమచేతి ఉంగరపు వేలు తెగింది. బకెట్ ఎర్రది, అందుకే కనబడలేదు. నొప్పి కూడా లేదు. భయమంతా అక్కడే.

"గింత కోసుకుంటె సోయి లేదా? పానం యాడుంది నీది?"

"కొత్త సౌండు పెట్టె కొనాలె గదరా చర్చికి. ఆడుంది" అని నవ్వేసి గుడ్డపేలిక చుట్టుకున్నాడు.

ఆ వేలూ, పక్కన చిటికెన వేలూ ఏడాదిగా మొద్దుబారాయి. మోచేతి దగ్గర నరం నొక్కుకుపోయిందని దవాఖానాలో చెప్పారు. ఆ చేతికి పని తగ్గించమన్నారు. తగ్గిస్తే జీతం ఎవడిస్తాడో మాత్రం చెప్పలేదు. ఆరోన్ ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు, సంఘంలో అసలే చెప్పలేదు. షెడ్డులో ఆయన ఎవరూ కాదు. చర్చిలో మాత్రం గిటార్ ఆరోన్. పేరుకు ముందు ఒక మాట ఉండటం కూలివాడికి చిన్న సంగతేం కాదు.

ఇన్నాళ్లూ ఆయన్ను కాపాడింది పాత యాంప్లిఫయర్. లాలాపేట్‌లో రేడియోలు బాగుచేసే మనిషి చెక్కపెట్టెలో కుదిర్చి ఇచ్చాడు. స్విచ్ వేస్తే చాలు, పాట ఉన్నా లేకున్నా కందిరీగల తుట్టె కదిలినట్టు రొద. పలకని తీగ ఆ రొదలో ఎవరి చెవికీ దొరకదు. పోయిన ఆదివారం ఆరాధన మధ్యలో అది పొగ వదిలి చచ్చింది. సంఘపెద్ద బెంజమిన్ చందాలు పోగుచేసి, కొత్తది ఎంచే పని ఆరోన్‌కే అప్పగించాడు.

"మధ్యరకంది సూడు. గిటార్‌కు, పాస్టరుగారి మైకుకు, కీబోర్డుకు, ఇండ్లల్ల కూడికలకు, అన్నిటికీ ఒక్కటే అక్కరకు రావాలె. సౌండ్ మాత్రం గుండెలదరాలె" అన్నాడు. శుక్రవారం సాయంత్రం ఉపవాస ప్రార్థనకల్లా రావాలని కూడా అన్నాడు. ఇవాళ శుక్రవారం.

షిఫ్టు దిగేసరికి కోడలు షైనీ గేటు దగ్గర స్కూటీ మీద ఉంది, వీపున ఆయన గిటార్‌తో. హబ్సిగూడలో రక్తపరీక్షల ల్యాబులో పని ఆమెది. ఆయన వేలి పేలిక చూసి, విప్పి, బ్యాగులోంచి దూది తీసి తుడిచి కట్టు కట్టింది.

"మండుతుందా మామా?"

"ఆఁ, జర" అని అబద్ధమాడాడు.

పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమె ఇంట్లో గిటార్ వాయిస్తుంటే ఆరోన్ చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు. అంత బాగా వాయిస్తుంది. కానీ ఈ సంఘంలో ఆడవాళ్లు పాడాలి, చాపలు పరవాలి, చాయ్ కాయాలి. పెట్టె ముందు కూర్చోకూడదు. ఎక్కడ రాసుందంటే ఎవరూ చూపించరు. ఆరోనూ అడగలేదు. అడిగితే పోయేది తన కుర్చీయే కదా.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాల పక్క సందులో, సెల్‌ఫోన్ల కొట్టు పైన ఉంది దుకాణం. అమ్మే మనిషి పేరు ఉమామహేశ్వర్. మూడు పెట్టెలు ముందు పెట్టాడు.

మొదటిది పెద్దది. ఆరోన్ ఒక్కసారి మీటితే అద్దాలు వణికాయి. ఆయన గుండె కుదుటపడింది. ఈ ఉరుములో ఏ తప్పైనా దాక్కుంటుంది. కానీ మైకుకు తావు లేదు, కరెంటు పోతే మూగది, సౌండ్ తగ్గిస్తే గొంతులో గుడ్డ కుక్కినట్టుంది. రెండో దానిలో బోలెడు రకాల శబ్దాలు. ఏది కావాలన్నా ఫోన్‌లో నొక్కాలట.

"ఫోన్ బందైతే దేవునికి మిస్డ్ కాల్ ఇయ్యాల్నా?" అంది షైనీ.

మూడోది ఒళ్లో పట్టేంతే. గిటార్‌కు ఒక వైపు, మైకుకు ఇంకో వైపు వేరువేరు గుబ్బలు, కీబోర్డుకు వెనకాల చోటు, లోపల బ్యాటరీ. మెత్తటి పాటకు మెత్తగా, ఊపుపాటకు గరగరమంటూ కూడా పలుకుతుంది. ఆరోన్ సౌండ్ తగ్గించి మీటాడు. తేటగా వచ్చింది. మరీ తేటగా. మధ్యలో ఒక తీగ టక్‌మని చచ్చింది.

"వైర్ లూజున్నట్టుంది సార్" అని ఉమామహేశ్వర్ వైరు మార్చాడు. మళ్లీ టక్. ఇంకో వైరు. మళ్లీ టక్. "మీ గిటారే ఖరాబైందేమో."

"ఇటియ్యిన్రి, నేను సూస్త" అని షైనీ గిటార్ తీసుకుంది. అదే గిటార్, అదే వైరు. తీగలన్నీ పలికాయి. ఉమామహేశ్వర్‌కు అర్థమైంది. అవసరం లేకపోయినా మిగిలిన వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

ఆరోన్ చేతివైపు చూసుకుంటూ అడిగాడు. "ఎప్పటిసంది తెలుసు బిడ్డా?"

"వానలప్పటిసంది. మీరు ఇంట్ల వాయిస్తుంటె వంటింట్లకు ఇనవడుతది. ఇంట్ల పెట్టె లేదు గద, దాచనీకి."

"మరెందుకు చెప్పలే?"

"మీరెందుకు చెప్పలే?" అంది. గిటార్ ఒళ్లోంచి దించుతూ, "పెద్దది తీస్కుంటే ఇంకొన్ని దినాలు నడుస్తది మామా. మీ ఇష్టం" అంది.

ఆరోన్ పెద్దదాని వైపు చూశాడు. ప్రతి శనివారం పట్టని నిద్ర, ప్రతి ఆదివారం చొక్కా లోపల కారిన చెమట, అన్నీ దాని వెనక కూర్చుని ఉన్నట్టనిపించింది. ఉన్నట్టుండి నవ్వొచ్చింది. తడిసిన బట్టలు విడిచిన మనిషి నవ్వు.

"చిన్నదే కట్టు తమ్మీ" అన్నాడు. "ఆ పెద్దది ఎత్తాలంటే ఇద్దరు గావాలె. దీన్ని మా కోడలు ఒక్కతే మోస్తది."

చర్చిలో చాపల మీద అందరూ చేరారు. బెంజమిన్ పెట్టె చుట్టూ తిరిగాడు. "గింతేనా? టిఫిన్ డబ్బ లెక్కుంది."

ఆరోన్ పెట్టెను బల్ల మీద పెట్టి, వైరు తగిలించి, గుబ్బలు సరిచేశాడు. బకెట్ ముక్కతో చేసుకున్న ఎర్ర పిక్ జేబులోంచి తీసి పెట్టె మీద ఉంచాడు. గిటార్ షైనీ చేతిలో పెట్టి తన కుర్చీ చూపించాడు.

"ఏందిది ఆరోన్? ఆడపిల్ల గాడ కూసునుడేంది?"

ఆరోన్ కట్టు కట్టిన చెయ్యి పైకెత్తాడు. "గీ రెండు వేళ్లు సచ్చి ఏడాదైంది అన్నా. మీరు ఇన్నది నా వాయింపు గాదు, పాత పెట్టె రొద."

బెంజమిన్ ఇంకేదో అనబోయాడు. ముందు వరసలోంచి మార్తమ్మ అందుకుంది. పాటలెత్తేది ఎప్పుడూ ఆ ముసలమ్మే.

"బెంజమినూ, పొద్దటిసంది ఉపాసమున్న. నీ పంచాయితీ అయ్యేదాంక నేను బతకను. కూసో."

నవ్వులు లేచాయి. ఆమె పాటెత్తుకుంది. ఎప్పటిలాగే ఏ శ్రుతికీ అందని చోట. షైనీ ఒక చరణం విని, గిటార్ మీద మెట్లు రెండు జరిగి ముసలమ్మ శ్రుతి పట్టేసింది.

రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. పెట్టె ఆగలేదు. చీకట్లో కాస్త ఆలస్యంగా, తాళం తప్పుతూ ఎవరో చప్పట్లు అందుకున్నారు. అలా తప్పేది బెంజమిన్ ఒక్కడే.

ఆరోన్ గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్లూ మార్తమ్మ శ్రుతి వెంట పరిగెత్తడమే సరిపోయింది, ఆమె పాట చివరిదాకా విన్నది లేదు. ఇవాళ గొంతెత్తి పాడాడు. పాట అయ్యాక లేచాడు. చుట్టాల్సిన వైరు లేదు, మొయ్యాల్సిన పెట్టె లేదు. ఖాళీ చేతులు ఊపుకుంటూ సందులోకి నడిచాడు.

షైనీ పిక్ వాడదు, వేళ్లతోనే మీటుతుంది. పెట్టె మీద ఆ బకెట్ అంచు ముక్క చీకట్లో అలాగే ఉండిపోయింది, తీగ మోగినప్పుడల్లా సన్నగా టకటకమంటూ.